చేతుల అచ్చు

"కదలకు తమ్ముడూ. ఇంకొక్క అయిదు నిమిషాలు," అన్నాడు శిల్పి.

పది నిమిషాల పనని మొదలుపెట్టి అప్పటికే పావుగంట దాటింది. గుంజ ఒక పొట్టిబల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బల్ల మీద రెండు చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో చెయ్యి మణికట్టు దాకా తెల్లటి ప్లాస్టర్‌లో కూరుకుపోయి ఉంది. బరువైన మూట చెవుల్ని పట్టి లాగేటప్పుడు వేళ్ళు ఎలా బిగుస్తాయో అలా, రెండు గుప్పిళ్ళలోనూ చెరో గోనెముక్క పట్టుకుని ఉన్నాడు. పోసేటప్పుడు చిక్కటి సున్నంలా ఉన్న ప్లాస్టర్ ఇప్పుడు రాయిలా బిగిసిపోయింది.

అతని నుదుటి మీద చెమట పోస్తోంది. అది ముక్కు చివరికి జారి, కాసేపు వేలాడి, బల్ల మీద పడుతోంది. అతను మాత్రం కదలలేదు.

గుంజ అతని పేరు కాదు. మార్కెట్లో తోటి కూలీలు పెట్టింది. వీపున మూట ఉన్నా లేకపోయినా పాతిన గుంజలా నిలబడగలడని పెట్టారు. ఆ నిలబడటం చూసే ఏడాది కిందట శిల్పి అతణ్ణి ఏరుకున్నాడు. శిల్పి కళాశాలలో పాఠం చెబుతాడు. అక్కడ చదివేవాళ్ళకు చూసి గీయడానికి ఒక మనిషి కావాలి. గంటసేపు కదలకూడదు, మాట్లాడకూడదు. కదిలితే ఆ గంట కూలి పోయినట్టే. మార్కెట్లో మూటకు ఎనిమిది. కళాశాలలో గంటకు అరవై.

"ఊరికే నిలబడితే డబ్బులిస్తారా? ఉచితంగా వచ్చే చొక్కాకి జేబు చిరిగే ఉంటుందయ్యా, చూసుకో," అంది అప్పట్లో అతని భార్య.

ఆమె మార్కెట్ గేటు దగ్గర పాతబట్టలు అమ్ముతుంది. ఇళ్ళ వెంట తిరిగి కొని, ఉతికి, గుండీలు కుట్టి, కూలీలకు అమ్ముతుంది. చొక్కాను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే చాలు, ఇంకా ఎన్నాళ్ళు మన్నుతుందో, ఎంతకు పోతుందో చెప్పేస్తుంది. మనుషుల్నీ అలాగే చూస్తుంది. ఈ రోజు దుకాణం మూసినందుకు పోయేదెంతో లెక్కవేసి, దాన్ని శిల్పి ఇస్తానన్న దాంట్లోంచి తీసేసి, మిగిలేది లాభమేనని తేల్చుకున్నాకే మొగుడి వెంట వచ్చింది. వచ్చాక గుమ్మంలోనే బేరం పెట్టింది. "నిలబడితే గంటకు అరవై. చేతులు ముంచితే ఆ రేటు కుదరదు సార్. నిలబడినందుకు వేరు, ముంచినందుకు వేరు." శిల్పి నవ్వి, రెండు వందలకు ఒప్పుకున్నాడు.

ఆమె ఇప్పుడు ఆ రెండు వందల సంగతి ఆలోచించడం లేదు. మొగుడి మెడనరాలు చూస్తోంది. క్వింటాలు మూట ఎత్తినప్పుడు కూడా ఆ నరం అలా ఉబకడం ఆమె ఎరగదు.

"ఏమయ్యా, కాలుతోందా?"

అతను జవాబివ్వలేదు. పని జరిగేటప్పుడు నోరు విప్పకూడదు. ఏడాదిగా అలవాటైన నియమం. కళ్ళు మాత్రం ఒకసారి గట్టిగా మూసి తెరిచాడు.

"కాస్త వేడెక్కుతుందమ్మా. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ గుణమే అంత," అన్నాడు శిల్పి. ఆ మాట అంటూనే కుడివైపు పెట్టె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

గుమ్మం దగ్గర గుమాస్తా గడియారం చూసుకున్నాడు. మార్కెట్లో గోదాములన్నీ ఎవరివో ఆ యజమాని దగ్గర గుమాస్తా అతను. ఆ యజమానే ఊరికి ఒక భవనం కట్టించాడు. అందులో ఉపన్యాసాలు ఉంటాయట, బొమ్మల ప్రదర్శనలు ఉంటాయట, పాటలు ఉంటాయట. దానికి మానవతా భవనమని పేరు. ముందు భాగంలో మూట ఎత్తుతున్న నిలువెత్తు మనిషి విగ్రహం. దాని ఒళ్ళంతా గుంజదే. భుజాలు, వీపు, పిక్కలు అన్నీ శిల్పి అతణ్ణి చూసి చేసినవే. చేతులొక్కటే మిగిలాయి. మట్టితో రెండుసార్లు చేసి చూపిస్తే యజమాని రెండుసార్లూ తిప్పి పంపాడు.

"ఇవి పనిచేసిన చేతుల్లా లేవయ్యా. నలభై ఏళ్ళుగా కూలీల్ని చూస్తున్నాను, నాకు తెలీదా?" అన్నాడట.

ప్రారంభానికి పది రోజులే ఉన్నాయి. మనిషిని చూసి చెయ్యాలి గానీ మనిషి మీద పోసి తియ్యకూడదనీ, అది కళ కాదు దొంగతనమనీ తన విద్యార్థులకు చెబుతూ వచ్చిన శిల్పే, గత్యంతరం లేక ఈ అచ్చుకు దిగాడు. ఎడమచేతికి పద్ధతిగానే పోశారు. చల్లటి నీళ్ళతో కలిపి, పలచగా, పూతపూతగా. అప్పుడే గుమాస్తా వచ్చాడు. "మాస్టారూ, పోతపోసేవాడు పన్నెండింటికల్లా వస్తాడు. అచ్చు చేతికివ్వకపోతే వారం తర్వాత గానీ మళ్ళీ దొరకడు," అన్నాడు. శిల్పి ఒక్క క్షణం ఆలోచించి, సాయం చేస్తున్న విద్యార్థినితో "కుడిచేతికి వేడినీళ్ళు పోసి కలుపు. తొందరగా గట్టిపడుతుంది. ఒకేసారి మందంగా పోసెయ్," అన్నాడు. ఆ అమ్మాయి "సార్, మీరే కదా వద్దన్నారు..." అని నసిగింది. "చెప్పింది చెయ్యమ్మా," అన్నాడు.

పాతబట్టలామె వంగి కుడి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే లాక్కుంది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది.

"తియ్యండి!"

"ఇప్పుడు తీస్తే మొత్తం పగిలిపోతుందమ్మా. రెండే నిమిషాలు..."

"పగిలితే పగలనివ్వండి. చెయ్యా, మట్టా అది?"

"ఇదిగో, అరవకు," అన్నాడు గుమాస్తా. "డబ్బు తీసుకునేటప్పుడు తెలీదా? వాడే నోరెత్తడం లేదు, మధ్యలో నీకెందుకు?"

వాడు నోరెత్తడం లేదు. అదే ఆమెను భయపెట్టింది. అతని పెదాలు తెల్లబడ్డాయి. పళ్ళ మధ్య నుంచి సన్నటి చప్పుడు వస్తోంది. ఆమె చుట్టూ చూసింది. బల్ల కింద కొయ్యసుత్తి ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి, ఏ పెట్టె ఏదని చూసుకోకుండా, దగ్గరగా ఉన్నదాని మీద కొట్టింది. అది ఎడమచేతిది. తెల్లటి పెంకులు గదంతా ఎగిరాయి. రెండో దెబ్బ కుడిదాని మీద వేసింది. అది పగల్లేదు. మూడో దెబ్బకు బీట వేసింది. అప్పుడు శిల్పి ఆమె చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. ఆపడానికి కాదు. తనే వంగి, అంచుల మీద చిన్న చిన్న దెబ్బలు వేస్తూ విడగొట్టాడు.

కుడిచెయ్యి బయటికి వచ్చేసరికి విద్యార్థిని మొహం తిప్పుకుంది. ఏడాదిలో మొదటిసారి గుంజ పనిలో ఉండగా నోరు విప్పాడు. పెట్టిన కేక మూడిళ్ళ అవతలికి వినిపించింది.

*

చెయ్యి మానడానికి నెల పట్టవచ్చనీ, చిటికెనవేలూ దాని పక్కవేలూ మునుపటిలా మడతపడకపోవచ్చనీ డాక్టర్ చెప్పాడు. ఆ రోజు మందుల ఖర్చు శిల్పే పెట్టుకున్నాడు. ఆస్పత్రి బల్ల మీద గుంజ పక్కనే కూర్చుని కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవేనని పాతబట్టలామెకు తెలుసు. సరుకు అసలుదో నకిలీదో పట్టుకోవడమే ఆమె బతుకు. కాకపోతే మంచి గుడ్డకు కూడా రంగు దిగుతుంది. అదీ తెలుసు.

అసలు బాధ చెయ్యి కూడా కాదు, చోటు. గోదాముల ముందు పొడుగాటి అరుగు ఉంది. దాని మీద కూలీలు వరసగా కూర్చుంటారు. నలభై మంది, నలభై చోట్లు. లారీ వస్తే ముఠామేస్త్రీ వరస ప్రకారం పిలుస్తాడు. ఎవరి చోటైనా వారం ఖాళీగా ఉంటే పోయినట్టే. మేస్త్రీకి ముట్టజెప్పిన కొత్తవాడు అందులో కూర్చుంటాడు. జబ్బని చెప్పినా, చావని చెప్పినా ఆ వారం వారమే. గుంజ తండ్రి కూర్చున్న చోటు అది. కూర్చుని కూర్చుని రాయి నున్నబడింది.

అరుగు మీద కూర్చోవచ్చు గానీ, ఒంటిచేత్తో మూట ఎత్తలేడు. ఎత్తలేనివాణ్ణి వరసలో కూర్చోనివ్వరు.

"అదీ ఇదీ కాదు, ఆ కాలేజీ మెట్లెక్కినప్పుడే నీకు శని పట్టింది," అని ఆమె మూడో రోజు మందు రాస్తూ సణిగింది. "మనిషి, మనిషి అని ఆయన చెవిలో ఊదాడు. నువ్వు నెత్తికెక్కించుకున్నావు."

నిజమే, అతను మారాడు. మొదట్లో కళాశాల నుంచి వచ్చి కూలి లెక్కపెట్టి ఇచ్చేవాడు, అంతే. తర్వాత్తర్వాత అక్కడ విన్న మాటలు మోసుకొచ్చేవాడు. వందల ఏళ్ళు కళంతా తలెత్తి పైకే చూసిందట. రాజుల్ని, దేవతల్ని చెక్కిందట. తర్వాత ఒకనాడు దాని మెడ నొప్పెట్టిందో ఏమో, తల దించి ఎదురుగా ఉన్న మనిషిని చూసిందట. చూసి, వీడు కూడా తక్కువవాడేం కాదే అనుకుందట. అప్పటినుంచి చదువు మారిందట, చట్టాలు మారాయట, బొమ్మలు మారాయట. అరుగు మీద ఈ కథ చెబితే కూలీలు పడీపడీ నవ్వారు.

"అయితే ఆ కళనోసారి ఇటు రమ్మను గుంజా, రెండు మూటలు ఎత్తిపెడుతుంది!"

కానీ ఆ మాట అతనిలో ఎక్కడో పట్టుకుంది. "ఇరవై మంది నా వీపు వంక చూస్తూ నిలబడతారే. ఒక్కడూ తప్పుకో అనడు. ముట్టుకోవాలంటే అడిగి ముట్టుకుంటారు," అని ఒకసారి ఆమెతో చెప్పాడు. ఆ వారమే మేస్త్రీ "ఒరేయ్ గుంజా" అని పిలిస్తే, "ఒరేయ్ తీసేసి పిలు మేస్త్రీ. గుంజా అంటే చాలు, వస్తాను," అన్నాడట. మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. మర్నాటి నుంచి వారం రోజులు బస్తాల్లోకెల్లా బరువైనవి, దూరమైనవి అతనికే పడ్డాయి.

"ఆ మర్యాద కిలో ఎంతకి పోతుందో కనుక్కున్నావా?" అని ఆమె అప్పుడు వేడినీళ్ళ కాపడం పెడుతూ అడిగింది.

"కొనేవాళ్ళుంటే గదా రేటు తెలిసేది," అన్నాడతను.

*

నాలుగో రోజు సాయంత్రం శిల్పి, గుమాస్తా కలిసి ఇంటికి వచ్చారు.

ఒకటే గది. గోడవారగా పాతబట్టల మూటలు. అడ్డంగా కట్టిన తాడు మీద ఆరేసిన చొక్కాలు. శిల్పి తల వంచి, తడి చొక్కాల కింద నుంచి లోపలికి వచ్చి, చోటు లేక ఒక మూట మీదే కూర్చున్నాడు. గుమాస్తా గడప దగ్గరే ఆగిపోయాడు. పాతబట్టల వాసన పడనట్టు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"నొప్పి ఎలా ఉంది తమ్ముడూ?"

"ఉందండీ," అన్నాడు గుంజ.

గుమాస్తానే అందుకున్నాడు.

"చూడమ్మా, జరిగింది జరిగిపోయింది. నువ్వు కంగారుపడి బాగా వచ్చిన ఎడమచేతి అచ్చు కూడా పగలగొట్టావు. సరే, ఆడమనిషివి. అయ్యగారేమీ అనుకోలేదు. ఇప్పుడు అడిగేది ఒక్కటే, ఎడమచెయ్యి. అదిస్తే చాలు, కుడిది దాన్ని చూసి మాస్టారే చేసుకుంటారు."

ఆమె చేతిలో సూది ఉంది. గుండీ కుడుతోంది. కుట్టడం ఆపలేదు.

"మళ్ళీ ప్లాస్టరే?"

"ఈసారి ఏమీ కాదమ్మా," అన్నాడు శిల్పి. "తప్పు నాదే. తొందర నాది. ఈసారి నేనే కలుపుతాను. చల్లటి నీళ్ళు, పలచటి పూతలు. నా మాట నమ్ము. సరిగ్గా చేస్తే దీనంత తేలికైన పని లేదు."

"వేరే ఎవరూ దొరకలేదా సార్?"

"ఆ ఒంటికి ఈ చేతులే అతుకుతాయమ్మా. ఇంకొకరి చేతులు పెడితే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది." ఆ మాట అంటున్నప్పుడు శిల్పి కళ్ళలో నిజమైన మెరుపు ఉంది. "మూట మోసే మనిషిని ఊరి నడిబొడ్డున నిలబెడుతున్నాం. ఇంతవరకూ ఎవరూ నిలబెట్టలేదు. అది పూర్తికావాలి."

"వెయ్యి రూపాయలు," అన్నాడు గుమాస్తా.

ఆమె సూది గుడ్డలో గుచ్చి ఆపింది. వెయ్యంటే నూటపాతిక మూటలు. కానీ నూటపాతిక మూటలు నెలకు చాలవు.

"డబ్బు సంగతి తర్వాత. చోటు?"

"ఏ చోటు?"

"అరుగు మీద చోటు. ఇంకో మూడు రోజులైతే పోతుంది. గోదాములు మీ అయ్యగారివి. మేస్త్రీ మీ అయ్యగారి మాట జవదాటడు."

గుమాస్తా నవ్వాడు. "గట్టిదానివే. సరే, నెల రోజులు చోటు ఉంచమని చెప్పిస్తాను."

"నెలకు చెయ్యి మానుతుంది. మూట పట్టడానికి ఇంకో నెల. రెండు నెలలు."

"రెండు నెలలు."

"వెయ్యి కాదు, పదిహేను వందలు. మందులు వేరే."

గుమాస్తా శిల్పి వంక చూశాడు. శిల్పి తల ఊపాడు. "సరే. రేపు పొద్దున్నే పంపు," అన్నాడు గుమాస్తా.

బేరం తెగింది. ఆమెకు ఒంట్లో ఏదో తేలికయింది. నాలుగు రోజులుగా కూడికలూ తీసివేతలూ వేసీ వేసీ ఎటూ తేలని లెక్క ఒక్కసారిగా తేలింది. చోటు నిలిచింది. రెండు నెలలు గడుస్తాయి. చల్లటి నీళ్ళంటున్నాడు, తనే కలుపుతానంటున్నాడు. మనిషి అబద్ధాలకోరు కాదు. ఇంతకన్నా మంచి ధర ఇక రాదు. ఆమె సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"సార్," అన్నాడు గుంజ.

అందరూ అతని వంక తిరిగారు. అంతసేపూ అతను గోడకు ఆనుకుని, కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు.

"ఈసారి ఏమీ కాదంటున్నారు కదా."

"ఏమీ కాదు తమ్ముడూ. ప్రమాణం చేసి చెబుతాను."

"అయితే మీదే పెట్టండి."

శిల్పికి అర్థం కాలేదు. "ఏమిటి?"

"మీ చెయ్యి సార్. మీరే చెప్పేవారు కదా, ఎవరి ఒళ్ళయినా ఒళ్ళే, చూసే కన్నుండాలి అని. మీదీ పని చేసే చెయ్యే. మట్టి పిసికి పిసికి కాయలు కాసిన చెయ్యి. నేను చూశాను. ఆ అమ్మాయి ప్లాస్టర్ పోస్తుంది. ఏమీ కాదు కదా."

"నాదెలా కుదురుతుందయ్యా," అన్నాడు శిల్పి. అలవాటైన మాట అలవాటుగా వచ్చేసింది. "నా చేతులతో నాకు పనుంది..."

ఆ మాట మధ్యలో ఆగిపోయింది. తాడు మీది చొక్కా నుంచి ఒక నీటిచుక్క నేల మీద పడింది. మరొకటి పడింది. శిల్పి తన రెండు చేతులూ ఒకసారి చూసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గుంజ ఎగతాళిగా నవ్వలేదు. కోపంగానూ చూడలేదు. జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఇదంతా ఎందుకు మాస్టారూ," అన్నాడు గడప దగ్గర గుమాస్తా. "బేరం తెగింది కదా. ఏమ్మా, పొద్దున్నే పంపు."

ఆమె మొగుడి వంక చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. పదిహేను వందలయ్యా. చోటయ్యా. రెండు నెలలయ్యా. అతను ఆమె వంక చూడలేదు. శిల్పి మోకాళ్ళ మీది చేతుల్నే చూస్తున్నాడు. ఆమె కూడా వాటి వంక చూసింది. మంచి చేతులు. గోళ్ళలో మట్టి. ఒక్క మచ్చ లేదు. అమ్మకానికి ఎప్పుడూ రాని సరుకు.

అప్పుడామెకు కోపం వచ్చింది. ఎవరి మీదో ముందు తెలియలేదు. ఇంత బేరమాడిన తను, ఆ చేతికి ఎంతని ఒక్కసారి కూడా ఆయన్ను అడగలేదు. అడగాలనే తోచలేదు. ధర అంటే మొగుడి చేతికే ఉంటుందనుకుంది. తన మీదే ఆ కోపం.

"పంపను," అంది.

"ఏమిటి?"

"బేరం లేదు. వెళ్ళండి."

"ఇంకో అయిదొందలు కావాలా? అలా చెప్పు. ఎంత?"

పాతబట్టలు అమ్మడం మొదలుపెట్టాక, ఎంత అని అడిగినవాడికి ధర చెప్పకుండా పంపింది ఆమె ఎరగదు. ఇప్పుడు నోరు తెరిచి, మూసుకుంది.

గుమాస్తా జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చేతులకేమైనా కరువొచ్చిందా? అరుగు మీద నలభై మంది ఉన్నారు. రండి మాస్టారూ. రేపు లారీలు రాకముందే చూసుకుందాం." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "చోటు సంగతి ఇక మర్చిపొండి."

శిల్పి లేచి, చొక్కాల కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె మిగిలిన గుండీ కుట్టి, దారం పంటితో తెంపింది. తర్వాత దులిపేసినట్టు అంది. "తిండెలా అనుకుంటున్నావ్?"

"తెలీదు."

"తెలీకుండానే ఆ మాట అన్నావా?"

"తెలిసుంటే అనలేకపోయేవాణ్ణేమో," అన్నాడతను.

*

తెల్లవారి గుంజ అరుగు దగ్గరికి బయలుదేరాడు. ఆమె దుకాణం మూట నెత్తిన పెట్టుకుని వెంట నడిచింది. ఎత్తలేనివాడు వరసలో కూర్చోకూడదని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. వద్దని ఆమె అనలేదు.

అప్పటికే ముప్ఫై మందికి పైగా వచ్చి కూర్చున్నారు. గుంజ తన చోట్లో తను కూర్చుని, కట్టుకట్టిన చేతిని తొడ మీద పెట్టుకున్నాడు. పక్కనున్న ముసలి కూలీ జరిగి చోటిచ్చాడు. మేస్త్రీ అటు నుంచి చూసి, లేవమనబోయి, గుమాస్తా వస్తుండటంతో ఆగాడు. గుమాస్తా వెనకాల దూరంగా, గోదాము స్తంభం దగ్గర శిల్పి నిలబడ్డాడు. రాత్రి నిద్రపోయిన మొహంలా లేదు.

"వినండిరా," అన్నాడు మేస్త్రీ. "అయ్యగారి భవనం పని. ఒక మనిషి కావాలి. గంట పని. బరువెత్తేది లేదు, ఏమీ లేదు. ఊరికే చెయ్యి పెట్టడమే."

"ఊరికే పెట్టిన చెయ్యి ఒకటి ఇక్కడుంది మేస్త్రీ," అన్నాడు ముసలి కూలీ. వరసలో ఎవరో ముక్కుతో నవ్వారు.

"మూడు వందలు," అన్నాడు గుమాస్తా.

పాతబట్టలామె మూట దించి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆ వరసలో ఉన్నవాళ్ళందరి ఒంటి మీద చొక్కాలూ ఆమె అమ్మినవే. ఎవరు బేరమాడకుండా కొంటారో, ఎవరు మూడుసార్లు వచ్చి వెళ్ళి నాలుగోసారి కొంటారో, ఎవరింట్లో పిల్లకు జ్వరమో, ఎవరి బేరం ఎక్కడ తెగుతుందో ఆమెకు తెలుసు. మూడు వందలకు, ఇంట్లో పిల్లకు జ్వరమున్న పొట్టివాడు లేస్తాడనుకుంది. పొట్టివాడు నేల వంక చూస్తూ కూర్చున్నాడు.

"అయిదు వందలు."

కొత్తగా పెళ్ళయిన కుర్రవాడు. అద్దె కట్టి రెండు నెలలు. వాడు లేస్తాడు. వాడి మోకాళ్ళు కదిలాయి. వాడు గుంజ చేతికట్టు వంక చూశాడు. మోకాళ్ళు మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు.

"ఎవడూ లేడా?" మేస్త్రీ గొంతు పెంచాడు. "పొద్దున్నే నాకు కోపం తెప్పించకండిరా. లేవనివాళ్ళకు ఇవాళ లారీ లేదు!"

"ఇస్తే ఇస్తావు, లేకపోతే లేదు," అంది ఒక గొంతు. ఎవరిదో తెలియలేదు. వరసలో ఒక్క తలా కదలలేదు.

"ఎనిమిది వందలు," అన్నాడు గుమాస్తా. ఇప్పుడు అతని మాటలో నవ్వు లేదు. "వెయ్యి. రెండు నెలలు చోటుకు హామీ."

గుంజ ఎవరి వంకా చూడలేదు. ఆ ముప్ఫై మందిలో వెయ్యి దాకా ఆగగలిగినవాడు ఒక్కడు కూడా లేడని పాతబట్టలామె నిన్నటిదాకా పందెం కాసి చెప్పేది. వెయ్యి దాకా వచ్చింది. ఎవరూ లేవలేదు. ఇన్నాళ్ళూ తను వేసిన ధరలన్నీ తప్పా, లేక ఇవాళ ఒక్కరోజుకేనా?

గోదాము స్తంభం దగ్గర శిల్పి తల దించుకున్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"పదిహేను వందలు," అన్నాడు గుమాస్తా.

నిన్న సాయంత్రం ఆమె తన నోటితో చెప్పిన ధర అది.

ఆమెకు వెనక వైపు, వరస చివర, రాతి మీద ఒక చెప్పు గీసుకున్న చప్పుడైంది. ఎవరో కాలు దించారు. లేవడానికో, తిమ్మిరెక్కిన కాలు మార్చుకోవడానికో. ఆమె తిరిగి చూడలేదు. మొగుడి మొహం వంకే చూస్తూ నిలబడింది.